నీటిలోని లవణములు: మీటరు చెప్పునది, చెప్పనిది

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల గ్రామములలో నేడు ఒక చిన్న పరికరము తరచుగా కనిపించుచున్నది. అది కలము వంటి ఆకారము కలది. కొనయందు రెండు లోహపు ముక్కలు, పైభాగమున అంకెలు చూపు చిన్న అద్దము ఉండును. నీటిలో ముంచిన కొద్ది క్షణములలో ఒక అంకె కనబడును. నీటిశుద్ధి యంత్రములను అమ్మువారు దీనిని జేబులో పెట్టుకొని తిరుగుదురు. శుద్ధజల కేంద్రములవారు దీనిని చూపి తమ క్యాను నీటి మంచితనమును చాటుదురు. "టి.డి.ఎస్. ఎంత?" అను ప్రశ్న ఇప్పుడు రచ్చబండ మీద సయితము వినవచ్చుచున్నది.

ఏ బోరును ట్యాంకునకు కలుపవలెను, ఏ యంత్రము కొనవలెను, ఏ నీటిని పొలమునకు పెట్టవచ్చును అను నిర్ణయములు ఈ అంకెపై ఆధారపడు సందర్భములు కలవు. కావున ఆ అంకె ఎట్లు పుట్టుచున్నదో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో, ఎచ్చట నమ్మరాదో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట మిక్కిలి అవసరము. నల్లగొండ సీమలో ఇది కేవలము శాస్త్రవిషయము కాదు. పిల్లల పళ్ళకు, పెద్దల ఎముకలకు సంబంధించిన విషయము.

నీరు విద్యుత్తును ఎట్లు మోయును?

నీరు విద్యుత్తును చక్కగా ప్రవహింపజేయునని మనమందరము ఎరుగుదుము. తడిచేతితో స్టార్టరును ముట్టరాదని పిల్లలకు చెప్పుచుందుము. ఆ హెచ్చరిక సరియైనదే. కాని విద్యుత్తును మోయునది ముఖ్యముగా నీరు కాదు, నీటిలో కరగియున్న లవణములు. ఏమియు కలియని పరిశుద్ధమైన నీరు విద్యుత్తును దాదాపుగా మోయజాలదు.

ఇందుకు కారణము ఇది. వంట ఉప్పును నీటిలో వేసినప్పుడు అది కంటికి కనబడకుండ కరగిపోవును. అట్లు కరగుటలో ఉప్పు రెండు విధములైన సూక్ష్మకణములుగా విడిపోవును. సోడియము కణములు ధనవిద్యుత్తును, క్లోరైడు కణములు ఋణవిద్యుత్తును కలిగియుండును. ఇట్టి కణములకు 1834లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే "అయానులు" అను పేరు వాడుకలోనికి తెచ్చెను. లవణములు నీటిలో కరగినంతనే ఇట్లు విడిపోవునను సిద్ధాంతమునకు పునాది వేసినవాడు స్వీడను దేశీయుడు స్వాంటె అర్హీనియస్. 1884లో అతడు సమర్పించిన పరిశోధన వ్యాసమునకు మొదట తగిన ఆదరణ లభింపలేదు. 1903లో ఆ కృషికే రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది.

ఏటికి ఇరుగట్ల నడుమ ప్రయాణికులను చేరవేయు పుట్టెలను తలచుకొనుడు. పుట్టెలు లేకున్న ఎవరును ఆవలి గట్టు చేరజాలరు. పుట్టెలు పెరిగినకొలది ఎక్కువమంది చేరుదురు. నీటిలో ముంచిన రెండు లోహపు ముక్కలు రెండు గట్లు. అయానులే పుట్టెలు. ఎన్ని అయానులు ఉన్నచో అంత విద్యుత్తు ఆవలికి చేరును. ఈ గుణమునే విద్యుద్వాహకత అందురు.

దీనిని సెంటీమీటరునకు ఇన్ని మైక్రోసీమెన్సులు అని కొలుతురు. ఈ వ్యాసములో క్లుప్తముగా మైక్రోసీమెన్సులు అని వ్రాయుదుము. 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద పరిశుద్ధమైన నీటి వాహకత 0.055 మాత్రమే. సముద్రపు నీటి వాహకత సుమారు 50,000. లీటరు శుద్ధజలములో ఒక గ్రాము ఉప్పు కలిపినచో సుమారు 2,000 వచ్చును. మన బావుల నీరు, బోరుల నీరు ఈ రెండు కొనల నడుమ ఎచ్చటనో ఉండును.

బడిలో చేయదగిన ప్రయోగము

ఈ విషయమును ఊరి బడిలోనే పిల్లలకు చూపవచ్చును. నాలుగు టార్చిలైటు సెల్లులు, ఒక ఎర్రని చిన్న ఎల్.ఇ.డి. దీపము, కొద్దిపాటి తీగ చాలును. సెల్లులను వరుసగా కలిపి, వాటి ధనాగ్రమునకు దీపము యొక్క పొడవు కాలిని కలుపవలెను. దీపము రెండవ కాలి నుండి ఒక తీగను, సెల్లుల ఋణాగ్రము నుండి మరియొక తీగను తీసి, వాటి కొనలపై పూత ఒలిచి, ఒండొంటికి తగులకుండ గ్లాసులో ముంచవలెను.

గ్లాసులో మొదట బాటరీలలో పోయు స్వేదన జలము పోయుడు. దీపము వెలుగదు. అందులో చెంచాడు చక్కెర కలుపుడు. అప్పుడును వెలుగదు. గ్లాసు కడిగి మరల స్వేదన జలము పోసి చెంచాడు ఉప్పు కలిపినచో దీపము చక్కగా వెలుగును. ఊరి బోరు నీరు పోసినచో సాధారణముగా మసకగా వెలుగును.

ఇందులో చక్కెర నేర్పు పాఠము ముఖ్యమైనది. చక్కెరయు నీటిలో పూర్తిగా కరగినది. కాని అది అయానులుగా విడిపోలేదు. కరగిన పదార్థములన్నియు విద్యుత్తును మోయవు. రైతు వాడు యూరియా సయితము అట్టిదే. నీటిలో కరగిన యూరియాను మీటరు దాదాపుగా గుర్తింపజాలదు. నేలలో అది అమ్మోనియముగా, నైట్రేటుగా మారిన పిమ్మటనే అంకెలో కనబడును. పొటాషు ఎరువు మాత్రము కరగిన వెంటనే వాహకతను పెంచును.

ఈ ప్రయోగమునకు ఇంటి కరెంటును ఎన్నడును వాడరాదు. అది ప్రాణాపాయకరము.

టి.డి.ఎస్. అను అంకె

టి.డి.ఎస్. అనగా నీటిలో కరగియున్న ఘనపదార్థముల మొత్తము. దానిని సరిగా తెలిసికొనవలెనన్న ప్రయోగశాలలో వడపోసిన నీటిని ఆవిరి చేసి, మిగిలిన పదార్థమును త్రాసులో తూచవలెను. జేబులోని మీటరు దేనిని తూచదు. అది విద్యుద్వాహకతను కొలిచి, ఆ అంకెను ఒక గుణకముతో హెచ్చవేసి చూపును. ఆ గుణకము నీటిలోని లవణములను బట్టి 0.55 నుండి 0.75 వరకు మారును. సామాన్యముగా 0.65 అని తీసికొందురు. వాహకత 1,000 అయినచో లీటరుకు సుమారు 650 మిల్లీగ్రాముల లవణములు ఉన్నవని అర్థము. కావున మీటరు అంకె ఒక అంచనా మాత్రమే.

మరియొక సంగతి. నీరు వేడెక్కినకొలది అయానులు చురుకుగా కదలును. ఒక్కొక్క డిగ్రీకి వాహకత సుమారు నూటికి రెండు వంతులు పెరుగును. మంచి మీటర్లు ఈ తేడాను సవరించి 25 డిగ్రీల లెక్కకు తెచ్చి చూపును. సవరణ లేని మీటరు ఎండలో కాగిన నీటికి ఎక్కువ అంకెయే చూపును.

త్రాగునీటిలో టి.డి.ఎస్. లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించకుండుట మేలనియు, వేరు ఆధారము లేనప్పుడు 2,000 వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణములు తెలుపుచున్నవి. వాహకతలో చెప్పవలెనన్న ఇవి సుమారు 770, సుమారు 3,000 అగును.

నేల మారిన నీరు మారును

వాన నీటిలో లవణములు స్వల్పము. అది నేలలోనికి ఇంకి, రాళ్ళ పగుళ్ళలో నెలలు, ఏండ్లు నిలిచి, ఆ రాతిలోని ఖనిజములను కొంచెము కొంచెముగా కరగించుకొనును. కావున బోరు నీటి గుణము ఆ నేలను బట్టి ఉండును. సూర్యాపేట పరిసరములు ముఖ్యముగా గ్రానైటు జాతి రాతినేలలు. కోదాడకు, మిర్యాలగూడకు దక్షిణముగా కృష్ణాతీరమున సున్నపురాతి పొరలు కలవు. మేళ్ళచెర్వు, మఠంపల్లి, వాడపల్లి ప్రాంతములలో సిమెంటు కర్మాగారములు వెలయుటకు ఆ రాయియే కారణము.

సున్నపురాతి నీటిలో కాల్షియము హెచ్చుగా ఉండును. పప్పు త్వరగా ఉడకదు, సబ్బు నురగ రాదు, కాచిన పాత్రలో తెల్లని పొర కట్టును. మీటరు అంకెయు ఎక్కువగా ఉండవచ్చును. గ్రానైటు నేలలలో కొన్ని చోట్ల నీరు ఇందుకు భిన్నముగా ఉండును. కాల్షియము తక్కువ, సోడియము ఎక్కువ. త్రాగుటకు రుచిగా ఉండవచ్చును. పప్పు చక్కగా ఉడుకవచ్చును. అంకెయు మితముగానే ఉండవచ్చును. మన జాగ్రత్త అచ్చటనే అవసరము.

మీటరుకు కనబడని ఫ్లోరైడు

గ్రానైటు రాతిలోని కొన్ని ఖనిజములలో ఫ్లోరైడు ఉండును. కాల్షియము ఉన్న నీటిలో ఫ్లోరైడు దానితో కూడి సులభముగా కరగని పదార్థమగును. అందుచేత నీటిలో ఎక్కువగా నిలువజాలదు. కాల్షియము తక్కువైన నీటిలో ఆ అడ్డు ఉండదు. కావున రుచికరమైన మెత్తని నీటిలోనే ఫ్లోరైడు హెచ్చుగా ఉండుట సంభవము.

లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చును. వేరు ఆధారము లేనప్పుడు 1.5 వరకు సహింపవచ్చును. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో మొదట పిల్లల పళ్ళు గారపట్టును. పిమ్మట కీళ్ళు బిగిసి, నడుము వంగి, ఎముకలు వంకరపోవును. ఒకసారి వంగిన ఎముకను సరిచేయు మందు లేదు. మన దేశమున ఈ వ్యాధి 1937లో వైద్యపత్రికకు ఎక్కినది నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామముల నుండియే. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు ప్రాంతముల ప్రజలు దీనివలన పడిన బాధ దేశమంతటికి తెలిసినదే.

ఇప్పుడు లెక్క చూతము. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు కలిగిన నీరు సహింపదగిన హద్దుకు మూడురెట్లు మించిన నీరు. అంత ఫ్లోరైడును, దానితో జంటగా ఉండు సోడియమును కలిపి లెక్కించినను వాహకతకు అవి చేర్చునది 30 మైక్రోసీమెన్సుల లోపే. మొత్తము వాహకత 1,000 ఉన్న నీటిలో ఈ 30 ఎవరి కంటబడును? సవరణ లేని మీటరులో నీరు రెండు డిగ్రీలు వేడెక్కినను అంతకంటె ఎక్కువ తేడా వచ్చును.

ఒక గ్రామమున రెండు బోరులు ఉన్నవనుకొందము. ఒకదాని అంకె 900, రెండవదాని అంకె 1,600. మీటరును మాత్రమే నమ్మిన సభ్యులు మొదటిదానినే ట్యాంకునకు కలుపుటకు తీర్మానింతురు. కాని మొదటిదానిలో 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు, రెండవదానిలో 0.8 మాత్రమే ఉన్నచో, ఆ తీర్మానము ఊరి పిల్లలకు హాని తెచ్చిపెట్టును. మీటరు పుట్టెలను లెక్కించును గాని, అందులో ఎక్కినవాడు మిత్రుడో, శత్రువో చెప్పజాలదు.

ఇందుకు మన జిల్లా పేరుతోనే ఒక నిదర్శనము కలదు. 1970వ దశకమున నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ పటిక, సున్నము, బ్లీచింగు పొడి వాడి నీటి నుండి ఫ్లోరైడును తొలగించు పద్ధతిని రూపొందించినది. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు. ఈ పద్ధతిలో ఫ్లోరైడు తగ్గును. కాని వేసిన పటికలోని సల్ఫేటు నీటిలో మిగులుటచేత మీటరు అంకె తగ్గదు, కొంత పెరుగుటయు కలదు. నీరు మేలైనది, అంకె మాత్రము పెరిగినది!

సూక్ష్మజీవుల సంగతియు ఇట్టిదే. పురుగుమందుల సంగతియు ఇట్టిదే. అతిసారము తెచ్చు నీటికిని, క్లోరిను వేసి శుద్ధిచేసిన నీటికిని మీటరు ఒకే అంకె చూపవచ్చును. నైట్రేటు హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. అంత నైట్రేటు ఉన్నను వాహకత పెరుగునది సుమారు 90 మాత్రమే.

గోధుమరంగు నీటి ప్రదర్శన

యంత్రములను అమ్ముటకు వచ్చువారు కొందరు ఒక ప్రదర్శన చేయుదురు. రెండు గ్లాసులు పెట్టి, ఒకదానిలో ఊరి నీరు, ఇంకొకదానిలో తమ యంత్రపు నీరు పోసి, లోహపు కడ్డీలు గల పరికరమును ముంచి కరెంటు పెట్టుదురు. కొద్ది నిమిషములలో ఊరి నీరు గోధుమరంగు బురదగా మారును. యంత్రపు నీరు తేటగా నిలుచును. "చూడుడు, మీరు త్రాగు మురికి!" అందురు.

పై పాఠము తెలిసినవారికి ఇందలి కిటుకు బోధపడును. ఊరి నీటిలో లవణములు ఉండుటచేత విద్యుత్తు ప్రవహించినది. ఆ విద్యుత్తు ఇనుప కడ్డీని కరగించి త్రుప్పుగా మార్చినది. ఆ బురద కడ్డీలోనిది గాని, నీటిలోనిది కాదు. యంత్రపు నీటిలో లవణములు లేనందున విద్యుత్తు పారలేదు, కడ్డీ కరగలేదు. ఆ తేట నీటిలో చిటికెడు ఉప్పు వేసి ప్రదర్శనను మరల చేయుమని ఆ అమ్మకందారునే కోరుడు. అదియు గోధుమరంగుకు తిరుగును.

శుద్ధియంత్రములు పనికిరావని దీని అర్థము కాదు. ఆర్.ఓ. యంత్రము ఫ్లోరైడుతో సహా అన్ని లవణములను తగ్గించును. కాని యంత్రము వదలు వ్యర్థజలములో ఆ లవణములన్నియు చేరును. సగము నీరు శుద్ధమై, సగము వ్యర్థమైనచో, వ్యర్థజలములో లవణములు దాదాపు రెట్టింపగును. దానిని త్రాగునీటి బావి చెంతనే ఇంకనిచ్చుట అవివేకము.

పొలమునకు మీటరు నిజమైన మిత్రుడు

సాగునీటి విషయములో మాత్రము ఈ పరికరము మిక్కిలి ఉపకారి. అచ్చట ముఖ్యముగా కావలసినది మొత్తము లవణముల లెక్కయే. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరము కాలువలకు నీరు విడుదలైనది మొదలు ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములు వరిపొలములైనవి. కాలువ అందనిచోట, అందని వేళలో రైతు బోరును ఆశ్రయించును. సూర్యాపేట సమీపమున సోలిపేట వద్ద మూసీ జలాశయము కలదు. హైదరాబాదు నగరము వాడి వదలిన నీరును మూసీలో చేరుచున్నది. ఏటి ప్రవాహములో ఎండ, గాలి సోకి కొంత మలినము విరిగిపోవును గాని, కరగిన లవణములు విరిగిపోవు. వేరు నీరు కలిసి పలుచబడిననే తగ్గును.

లీటరుకు ఒక గ్రాము లవణములు గల బోరు నీటిని ఒక ఎకరమునకు ఒక పంటకాలములో మీటరు లోతున పెట్టినచో, ఆ ఎకరములో చేరు లవణముల బరువు సుమారు నాలుగు టన్నులు. నీరు ఆవిరియగును, లవణములు నిలుచును. మంచి నీరు ఇంకి వాటిని క్రిందికి కొట్టుకొనిపోవలెను, లేదా మురుగుకాలువ తీసికొనిపోవలెను. మురుగుకాలువ పూడినచో నేల చవుడుబారును.

సాగునీటి వాహకత 700 లోపు ఉన్నచో లవణముల బాధ లేదు. 700 నుండి 3,000 వరకు పంటను, నేలను బట్టి జాగ్రత్త అవసరము. 3,000 మించిన నీరు అపాయకరము. వరికి నేల సారపు వాహకత 3,000 వరకు నష్టము లేదు. అటుపై ప్రతి 1,000కి దిగుబడి సుమారు నూటికి 12 వంతులు తగ్గును. సోడియము పాలు హెచ్చిన నీరు నేలను బిగియజేయును. ఇది మీటరు చెప్పదు. భూసార పరీక్షలో తెలియును.

పంచాయతీలు చేయవలసినవి

1. గ్రామములోని ప్రతి త్రాగునీటి బోరుకు సంవత్సరమునకు రెండుసార్లు, వానలకు ముందును, వానల తరువాతను, వాహకత కొలిపించి తేదీతో పుస్తకములో వ్రాయవలెను. ఒక్క అంకె కంటె అంకెల వరుస ఎక్కువ చెప్పును. అంకె అకస్మాత్తుగా పెరిగినచో ఏదో కొత్త నీరు కలియుచున్నదని గ్రహించి కారణము వెదకవలెను.

2. ఏ కొత్త బోరునైనను, మీటరు అంకె ఎంత తక్కువగా ఉన్నను, గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలలో ఫ్లోరైడు, నైట్రేటు, సూక్ష్మజీవుల పరీక్షలు చేయించకుండ త్రాగుటకు వాడరాదు. నివేదికను పంచాయతీ గోడపై అంటింపవలెను.

3. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ క్రింద ప్రతి గ్రామమున అయిదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇచ్చు ఏర్పాటు కలదు. వారి పెట్టెలో రంగుతో ఫ్లోరైడును తెలుపు పరీక్ష ఉండును. వారి సేవను వినియోగించుకొనవలెను.

4. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ శుద్ధజలము కొళాయికి వచ్చినను, పాత బోరు పంపులను మరచిపోరాదు. సరఫరా ఆగిన దినమున జనులు వాటినే ఆశ్రయింతురు. ఫ్లోరైడు ఉన్న పంపునకు ఎర్రరంగు వేసి, త్రాగుటకు పనికిరాదని వ్రాయింపవలెను.

5. మురుగుకాలువల పూడిక తీయుటను వాయిదా వేయరాదు.

మీటరు చెడ్డది కాదు. అది సత్యమే చెప్పును. కాని సత్యములో ఒక భాగమే చెప్పును. నీటిలో ఎంత కరగియున్నదో అది తెలుపును. ఏమి కరగియున్నదో తెలిసికొను బాధ్యత మనది. అయిదు నిమిషములలో వచ్చు అంకెతో తృప్తి చెందక, ఒక సీసాలో నీరు పట్టి ప్రయోగశాలకు పంపు పంచాయతీయే తన పిల్లలను కాపాడుకొన్న పంచాయతీ.